అద్దంలాంటి రోడ్డు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం, బడి గేటు దగ్గర కొడుకు తన చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి పరిగెత్తడం.

చిన్న భయాలు చాలానే ఉన్నాయి. స్టవ్వు కట్టేశానో లేదో అని సగం దారిలో సైకిలు వెనక్కి తిప్పుతుంది. పిల్లాడికి ఒళ్లు కాస్త వెచ్చబడితే నుదుటి మీద పెట్టిన చెయ్యి తీయదు. అవి వస్తాయి, పోతాయి. ఈ ఒక్కటి పోదు. ఆ రోడ్డు అలాంటిది మరి. వాటర్ ట్యాంకు గుట్ట మీద మొదలై, ఒక్క మలుపు తిరిగి, నేరుగా బడి ముందుకు జారిపోతుంది. బండ్లకు ఇంజనుతో పని లేదు, వదిలేస్తే చాలు. నిరుడు ఒకటో తరగతి పిల్లను బ్రెడ్డు వ్యాను కొట్టేశాక గేటుకు కాస్త ఎగువన ఒక స్పీడ్ బ్రేకర్ వేశారు. అప్పటినుంచి ఆమె ఊపిరి కాస్త సుళువుగా పీలుస్తోంది.

దాన్ని వేసింది ఆమె భర్తే. రోడ్డు కాంట్రాక్టరు దగ్గర రోలరు నడుపుతాడు. పనిలో వాళ్లు పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు, "రోలరూ" అనే కేకేస్తారు. చెక్క మూస పెట్టి తారుకంకర పోసేటప్పుడు, అప్పటికే ఆమె చెవిలో జోరీగలా పోరి ఉంది కాబట్టి, చెప్పిన ఎత్తు కంటే రెండు వేళ్లు ఎక్కువే పోశాడు. దాని మీద ఎక్కి దిగిన ప్రతివాడూ అది వేసినవాణ్ని తిట్టుకుంటూ పోయేవాడు. ఆ తిట్లు విన్నప్పుడల్లా ఆమెకు మొగుడి మీద ప్రేమ పుట్టుకొచ్చేది.

ఆ సాయంత్రం అతను పని నుంచి వచ్చి, గుమ్మంలోనే బూట్లు విప్పి, కిరసనాయిలు గుడ్డతో చేతులకంటిన తారు తుడుచుకుంటూ కూర్చున్నాడు. రోజూ అయితే ముందు పిల్లాణ్ని పిలుస్తాడు. ఇవాళ ఒక్కో వేలే తుడుస్తున్నాడు, అన్నీ అయ్యాక మళ్లీ మొదటి వేలికి వస్తున్నాడు.

"ఏంటి, చేతులు కొత్తవి కొనుక్కొచ్చావా? అంత మురిపెంగా తుడుస్తున్నావు" అంది.

"బడి దగ్గర బ్రేకర్ తీసేశాం."

ఆమె పిల్లాడి లాగుకు బొత్తాం కుడుతోంది. సూది గుడ్డలోనే ఆగింది.

"తీసేశాం అంటే?"

"తీసేశాం అంటే తీసేశాం. సైకిలు పోటీకి. దేశం మొత్తం మీంచి వస్తున్నారంట, చాంపియన్‌షిప్పు. ఆ వాలులో వాళ్లు కారుకన్నా జోరుగా దిగుతారంట. బ్రేకర్ ఉంటే ఎగిరి పడతారు. రూటు పొడుగునా గుంటలు పూడ్చాలి, బ్రేకర్లన్నీ చెక్కేయాలి. పైనుంచి ఆర్డరు."

"వాళ్లు పడకూడదని తీశారు, బాగుంది. మన పిల్లలు పడితే?"

"పోటీ అయ్యేదాకా బడికి సెలవులిచ్చారు కదే."

"ఆ తర్వాత?"

"మళ్లీ వేస్తారు. ఇంజనీరు నా మొహం మీదే చెప్పాడు, పోటీ అయిన మర్నాడే వేసేద్దాం రోలరూ అని."

"తీసింది నువ్వేనా?"

అతను గుడ్డ పక్కన పెట్టాడు. "నేను కాకపోతే ఇంకొకడు. గునపానికి రాలేదే అది. అంత గట్టిగా వేశాను. చివరికి మిషను తెప్పించి గీకించారు." అతని గొంతులో ఉన్నది బాధో గొప్పో ఆమెకు అర్థం కాలేదు. రెండూ అయి ఉంటాయి.

"మళ్లీ వేస్తానని ఒట్టు వెయ్యి."

"ఎవరి మీద?"

"ఇంజనీరు మీద."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎందుకో తెలియకపోయినా పిల్లాడు కూడా వాళ్లకన్నా గట్టిగా నవ్వాడు. వాణ్ని ఇంట్లోనూ బడిలోనూ బుడ్డోడనే అంటారు. వాడు నవ్వితే ఆ పూటకు ఏ గొడవా ముందుకు సాగదు.

*

ఆమె పని గుట్ట పైన, హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో. పొద్దున బుడ్డోణ్ని సైకిలు వెనక సీటులో కూర్చోబెట్టి బడి దగ్గర దింపుతుంది, అక్కణ్నుంచి వంతెన మీదుగా చుట్టు తిరిగి, అవతలి వైపునుంచి గుట్ట ఎక్కుతుంది. బడి వదిలాక ఆమె వచ్చేదాకా వాణ్ని బడి ఆయా చూసుకుంటుంది. ఆయమ్మకు బడి ఆవరణలోనే ఒక గది. ఆదివారాలు భర్త ఇంట్లో ఉంటే ఆమె ఇంకోసారి గుట్ట ఎక్కుతుంది, ఈసారి పనికి కాదు. సైకిలు షాపు బాబాయి వెనక ఒక గుంపు పోగవుతుంది, దుకాణాలవాళ్లు, గుమాస్తాలు, ఒక పళ్ల డాక్టరు. అందులో ఆడమనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్లు ఆమె వెనక చక్రం చూసుకుంటూ ఎక్కుతారు. ఆగదు, ఆయాసపడదు, ఒకటే లయలో పాక్కుంటూ పోతుందని బాబాయి ఆమెకు చీమ అని పేరు పెట్టాడు.

"చీమమ్మా, పోటీకి ముందొచ్చే ఆదివారం పొద్దున రూటంతా మూసేస్తున్నారు" అన్నాడు బాబాయి, ఆమె చైనుకు నూనె వేస్తూ. "మనలాంటి వాళ్లు తొక్కి చూడొచ్చంట. నీ పేరు ఇచ్చేశాను."

"ఆ పోటీ పేరెత్తకు బాబాయ్. మా బ్రేకర్ పీకేశారు."

"పీకింది మీ ఆయనేగా."

"అందుకే ఇంట్లో రెండ్రోజులు మాటల్లేవు."

"అదృష్టవంతుడు" అని బాబాయి గుడ్డతో చైను తుడిచాడు. "సరే, పీకేశారు. వాళ్ల కోసమే పీకారు. ఆ నున్నటి రోడ్డు మీద నువ్వు ఒక్కసారైనా తొక్కకపోతే, మొత్తం వాళ్లకే పోయినట్టు కదా?"

ఆమె పెడలు ఒకసారి తిప్పి చూసింది.

"ఒక్క బండి రాదే. లారీ లేదు, బస్సు లేదు. సందులన్నిటికీ తాళ్లు కడతారు. కుక్క కూడా రాదు."

"నిజంగా బండ్లు రావా?"

రోడ్డెక్కితే ఆమె ప్రాణం సగం చెవుల్లో ఉంటుంది. వెనకనుంచి వచ్చే లారీ ఖాళీదో నిండుదో తల తిప్పకుండా చెప్పగలదు. బస్సు పక్కకు తీస్తున్నాడా, తనను నెట్టేస్తున్నాడా అన్నది ఆ రొదలోనే తెలుస్తుంది. సైకిలు తొక్కడం మొదలుపెట్టినప్పటినుంచి, వెనక ఏమీ లేని రోడ్డు ఎలా ఉంటుందో ఆమె ఎరగదు.

ఆ ఆదివారం భర్తకు డ్యూటీ పడింది, అడ్డుకంచెలు నిలబెట్టే పని. పిల్లాణ్ని ఎవరి దగ్గర వదలాలా అని ఆమె నసుగుతుంటే ఆయమ్మే అంది. "నా దగ్గర వదిలిపో. గేటు ముందు నుంచే పోతావుగా. వాళ్లమ్మ ఎట్లా తొక్కుతుందో వాణ్నీ చూడనీ."

*

బాబాయి స్పానరు పెట్టి వెనకనున్న పిల్లాడి సీటు ఊడదీశాడు. దాంతో సైకిలు లేగదూడలా గెంతింది. వీపున నంబరు గుడ్డ పిన్నులతో గుచ్చుతూ, "గుచ్చుకుందా?" అని అడిగాడు. గుచ్చుకుంది. లేదంది.

స్టేడియం ముందు మెరిసే బట్టలవాళ్లు, కూలింగ్ గ్లాసులవాళ్లు బారులు తీరి ఉన్నారు. ఆమె లాండ్రీ ప్యాంటే మడమ దగ్గర రబ్బరు బ్యాండు వేసి తొడుక్కుంది. ఈల వేశారు. అంగళ్ల వీధి షట్టర్లు దించుకుని పడుకుని ఉంది. రోజూ దిగి నెట్టుకుంటూ పోయే వంతెన మీద మనిషి లేడు. అప్పుడు వినిపించింది ఆమెకు, తన చైను చప్పుడు. చిన్నగా, కుట్టుమిషనులా. ఆ వెనక తన ఊపిరి. ఇంకేమీ లేదు. కాసేపు నమ్మకం కుదరక రెండుసార్లు వెనక్కి చూసింది. ఆ తర్వాత చూడలేదు.

గుట్ట మొదలయ్యేసరికి మెరిసే బట్టలు ఒక్కొక్కటే వెనకపడ్డాయి. ఒక బొద్దు మనిషిని దాటుతుంటే అతను రొప్పుతూనే అన్నాడు.

"ఏంటమ్మా అంత తొందర? పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?"

"పొంగేది నీ గుండె అన్నా. అది చూసుకో."

పక్కన తొక్కేవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆమె కాళ్లలోకి దిగింది. రోజూ పిల్లాణ్ని దింపేసినా వాడి సీటూ, టిఫిను డబ్బా, బట్టల సంచీ మోసుకుంటూ ఎక్కే గుట్ట ఇది. ఇవాళ దాని మీద బరువు ఆమె ఒక్కతే. లాండ్రీ పొగగొట్టం పక్కనుంచి, ట్యాంకు పక్కనుంచి, పైకి వచ్చేసింది.

ఇక వాలు.

రోజూ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు కనపడగానే బ్రేకు పట్టడం మొదలుపెడుతుంది. ఇవాళా వేళ్లు వాటంతటవే అక్కడికి వెళ్లాయి. ఆమె వేళ్లకేసి చూసుకుంది. ఒక్కొక్కటే పైకి తీసింది. గాలి చెంపల్ని వెనక్కి లాగింది. కళ్లలోంచి నీళ్లు చెవుల వైపు పారాయి. మలుపులో సైకిలు దానంతటదే వాలింది, దానంతటదే లేచింది. రోడ్డు చక్రాల కింద లేనే లేనట్టుంది. స్టవ్వు గుర్తు రాలేదు. వానొస్తే కారే గోడ గుర్తు రాలేదు. ఏదీ గుర్తు రాకపోవడం అన్నది ఒకటుందని ఆమెకు అంతవరకు తెలియదు. పెద్దగా అరిచింది కూడా, ఏమని అరిచిందో ఆమెకే తెలియదు.

స్టేడియం దగ్గర సైకిలు దిగింది. మైకు పట్టుకుని ఒక అమ్మాయి పరిగెత్తుకొచ్చింది, వెనకే కెమెరా.

"ఎలా ఉందండీ రోడ్డు?"

"అద్దంలా ఉందండీ!" ఊపిరి అందకపోయినా నవ్వుతూనే ఉంది ఆమె. "అద్దంలా ఉంది. ఎప్పటికీ ఇలాగే ఉంచాలి."

"మీరు ఈ పక్కవాళ్లేనా?"

"ఆ వాలు కింద బడి ఉంది చూడండి, మా బాబు అందులోనే చదువుతాడు."

"వావ్" అంది ఆ అమ్మాయి. "అంటే ఇది మీ రోడ్డు!"

"మా రోడ్డే" అంది ఆమె.

*

ఆయమ్మ గది గడప మీద కూర్చుని ఉంది. బుడ్డోడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, నిద్రపోవడం లేదు. ఆమె రాగానే ఎగిరి మీద పడే పిల్లాడు కదల్లేదు. వాడి చొక్కా కాలరు ఒక పక్క చినిగి వేలాడుతోంది.

"ఎవరితో కొట్లాడావురా?" అంది ఆమె, ఇంకా ఆ నవ్వు మొహంతోనే.

ఆయమ్మ తిట్టలేదు. ఆమె మొహంలోకి చూడకుండా నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"గేటు దగ్గర నిలబడ్డాం. అమ్మ వస్తోంది, అమ్మ వస్తోంది అని ఒకటే గెంతులు. నువ్వు మలుపు తిరిగావు. అంతే, చెయ్యి విదిలించుకుని తాడు కిందనుంచి దూరేశాడు. కాలరు దొరికింది కాబట్టి సరిపోయింది."

"ఎక్కడ? నేను..."

"ఇక్కడే. గేటు ముందు. నీకూ వాడికీ మధ్య మూరెడు లేదు."

"నేను చూడలేదు ఆయమ్మా."

"చూస్తే మాత్రం ఏం చేసేదానివిలే. ఆ జోరులో బ్రేకు పట్టుంటే నువ్వూ పోయేదానివి."

బుడ్డోడు గోడతో చెప్పినట్టు అన్నాడు. "అమ్మా అని పిలిచాను. నువ్వు ఆగలేదు."

ఆమె వాడి పక్కన కూలబడింది. ఆ గేటు నీలం రంగుది, ఒక రెక్క మీద కుందేలు బొమ్మ, రెండో రెక్క మీద తాబేలు. ఏడాదిగా రోజుకు రెండుసార్లు చూస్తోంది. ఇందాక ఎప్పుడు దాటింది దాన్ని? మలుపు గుర్తుంది, గాలి గుర్తుంది, ఆ తర్వాత స్టేడియం గుర్తుంది. మధ్యలో గేటు లేదు. ఎంత వెతికినా లేదు. బ్రెడ్డు వ్యాను డ్రైవరు పోలీసులతో అన్నమాట అప్పట్లో అందరూ చెప్పుకున్నారు, నాకు ఏమీ కనపడలేదు సార్ అన్నాడని. అబద్ధాలకోరు అని ఆమే అందరికన్నా ఎక్కువ తిట్టింది.

ఇంటికొచ్చి కాలరు కుట్టింది. భర్త అలిసిపోయి వచ్చి, "ఎలా జరిగింది?" అని అడిగాడు.

"బాగా జరిగింది."

"మరి చొక్కా?"

"చినిగింది" అంది. దారం పళ్లతో కొరికింది.

*

ఆ వారం లాండ్రీలో తల ఎత్తడానికి లేదు. పోటీకి వచ్చినవాళ్లతో హోటళ్లన్నీ నిండిపోయాయి. తువాళ్ల నిండా చైను గ్రీజు, దుప్పట్ల మీద కాళ్లకు రుద్దుకునే నూనె మరకలు. ఆమె, పక్క మిషను పిల్ల చెరో అంచు పట్టుకుని దుప్పటి దులిపి, ఎదురెదురుగా నడిచి, మూలకు మూల కలిపి, వేడి రోలర్ల మధ్యకు అందిస్తారు. వేళ్లు తీయడం ఒక్క క్షణం ఆలస్యమైతే చర్మం అంటుకుంటుంది.

"ఈ మరక ఎవరిదో, గెలిచేవాడిదో ఓడేవాడిదో" అంది పక్క మిషను పిల్ల, దుప్పటి వాసన చూస్తూ. "గెలిచేవాడిదైతే నేను ఉతకను, ఇంటికి పట్టుకెళ్లి దాచుకుంటా."

"ఓడినా అదే సబ్బు" అంది ఆమె.

"ఏంటక్కా ఈమధ్య అలా ఉన్నావు? టీవీలో కూడా వచ్చావంట. పళ్లన్నీ కనపడేలా నవ్వావంట."

ఆమె దుప్పటి అంచు లాగింది. "పట్టు సరిగ్గా. ముడత పడుతోంది."

పోటీ రోజు సూపరువైజరు అందరినీ డాబా ఎక్కనిచ్చాడు. ముందు మోటారుసైకిళ్లు, ఆ వెనక రంగురంగుల గుంపు ఒకటి గుట్ట ఎక్కి, ఎవరి మొహం ఎవరిదో తెలిసేలోపే అవతలికి దిగిపోయింది. "అయిపోయిందా?" అంది పక్క మిషను పిల్ల. "దీనికా ఇంత గోల?" ఆమె మాత్రం వాలు వైపే చూస్తూ నిలబడింది. కింద బడి గేటుకు తాళం వేసి ఉంది. సాయంత్రానికి తాళ్లు చుట్టి లారీలో పడేశారు. మర్నాడు బడి తెరిచారు.

మర్నాడు బ్రేకర్ వేయలేదు. ఆ మర్నాడూ వేయలేదు.

"ఏమయ్యా, ఇంజనీరు మీద ఒట్టేశావు."

"మిషను ఇంకో సైటుకు పంపేశారు. ఫోను చేస్తే ఎత్తట్లేదు. నేను గట్టిగా అడిగితే రేపట్నుంచి రోలరు మీద ఇంకొకడు కూర్చుంటాడు, తెలుసుగా."

తెలుసు. అందుకే ఆమె ఒక పూట సెలవు పెట్టి తానే రోడ్ల ఆఫీసుకు వెళ్లింది. ఇంజనీరు కసురుకుంటాడనుకుంది. కసురుకోలేదు. కుర్చీ చూపించాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు, నిరుటి పాప సంగతి, గేటు సంగతి, వాలు సంగతి. మధ్యలో ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, "ఒక్క నిమిషం, మీరు ఆవిడ కదూ!" అన్నాడు. ఫోను తీసి, వేలితో జరిపి జరిపి, ఆమె వైపు తిప్పాడు.

చెమటతో మెరుస్తున్న మొహం. అద్దంలా ఉందండీ! ఎప్పటికీ ఇలాగే ఉంచాలి.

"మంత్రిగారి దాకా వెళ్లిందమ్మా ఇది" అన్నాడు సంబరంగా. ఎగతాళి కాదు, నిజంగానే సంబరం. "రోడ్డు వేసి తిట్లు తినడమే కానీ, మా పనిని ఇలా మెచ్చుకున్నవాళ్లను నేను నా సర్వీసులో చూడలేదు. ఆయనే అన్నారు, ఆ వాలంతా చాంపియన్ రోడ్డుగా అలాగే ఉంచేయమని. బ్రేకర్లు పెట్టొద్దని. పిల్లలు ప్రాక్టీసు చేసుకుంటారు."

"ఆ రోజు బండ్లు లేవండీ."

"నిజమే."

"బడి కూడా లేదండీ. సెలవు. నేను అన్నది ఆ ఒక్క పూట గురించి."

"అవేవీ ఇందులో లేవు కదమ్మా" అన్నాడు ఫోను జేబులో పెట్టుకుంటూ.

"మరి ఇప్పుడు చెప్తాను. వద్దు అని చెప్తాను. రాసుకోండి."

"వాలు కింద బడిలో చదివే పిల్లాడి తల్లే ఉంచమంది. అదే తల్లి వద్దంటే ఎవరు వింటారు చెప్పండి? బడివాళ్లతో చెప్పించండి, చూద్దాం."

బడి పెద్దసారు చెప్పనన్నాడు. చాంపియన్ రోడ్డు పక్కన ఉన్నందుకు బడికి రంగులు వేయిస్తామన్నారట. "అయినా రోడ్డంటే మీకే ఇష్టం కదండీ, టీవీలో చూశాం" అన్నాడు.

*

మలుపులో పెద్ద బోర్డు వెలిసింది. సైకిలు మీద వంగి, జుట్టు వెనక్కి ఎగురుతూ, నోరంతా తెరిచి నవ్వుతున్న ఆమె బొమ్మ. పైన, మా రోడ్డు మా గర్వం. ఆ బొమ్మ గేటు ముందు ఎవరో తీసింది. ఒక మూలన మసక మసగ్గా నీలం రంగు ఉంది. దాని ముందు ఒక ఎర్రచీర, చాచిన ఒక చెయ్యి, ఆ చేతికి వేలాడుతున్న చిన్న చొక్కా. ఏమిటన్నది ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఆయమ్మకు చూపు ఆనదు.

భర్త బోర్డు కింద నిలబడి చాలాసేపు చూశాడు. "స్తంభాలకు గుంటలు తవ్వింది నేనే" అన్నాడు. "ఏం బొమ్మ పెడతారో నాకు తెలియదు."

"ఆ మూల చూడు."

చూశాడు. చొక్కా గుర్తుపట్టాడు. ఆమె ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఇంటిదాకా ఇద్దరూ సైకిలును చెరో పక్క పట్టుకుని నడిచారు. రెండు రోజులకు అతను సైటులో మిగిలిన తారుకంకర తట్టల్లో మోసుకొచ్చి, రోలరు లేకుండా దిమ్మిసతో కొట్టి, గేటుకు ఎగువన అడ్డంగా వేశాడు. వంకరటింకరగా వచ్చింది. అయినా బండ్లు ఆగాయి, ఒక పూట. మధ్యాహ్నం ఆఫీసు నుంచి కాంట్రాక్టరుకు ఫోను వచ్చింది. గీకేసి రమ్మని కాంట్రాక్టరు పంపింది అతన్నే.

చాంపియన్ రోడ్డని పేరు పడ్డాక ఎక్కడెక్కడి కుర్రాళ్లో వస్తున్నారు. సైకిళ్ల మీద కొందరు, మోటారుసైకిళ్ల మీద ఎక్కువమంది. ట్యాంకు దగ్గర వరసకట్టి, ఫోన్లో టైము పెట్టుకుని, వదిలేస్తారు. బడి వేళ, బడి కాని వేళ అని లేదు. బొమ్మ దాటేటప్పుడు కొందరు దానిలాగే నోరు తెరిచి అరుస్తారు.

పొద్దుటి పూట ఆమె గేటు దగ్గర నిలబడుతుంది. లాండ్రీకి ఆలస్యమవుతుంది, సూపరువైజరు చేత తిట్లు తింటుంది, పర్లేదు. సాయంత్రం కుదరదు. బడి వదిలే వేళకు ఆమె చేతులు వేడి రోలర్ల ముందుంటాయి. రెండో షిఫ్టుకు మార్చమని అడిగింది. "అందరూ చాంపియన్లే అయితే దుప్పట్లు ఎవరు ఇస్త్రీ చేస్తారమ్మా?" అన్నాడు సూపరువైజరు.

సాయంత్రం ఆయమ్మ నిలబడుతోంది. తన పాత ఎర్రచీర కొంగు చింపి కర్రకు కట్టుకుంది. పిల్లల్ని గుంపుగా పోగేసి, రోడ్డు మధ్యకు వెళ్లి, కర్ర ఎత్తి పట్టుకుని, "నడవండి, నడవండి, పరిగెత్తొద్దు" అంటూ అవతలికి దాటిస్తుంది. పెద్దసారు పిలిచి, ఇది నీ పని కాదు, నీకేమైనా అయితే బడికి సంబంధం లేదు అని చెప్పాడు. "నాకు మాత్రం ఎవరితో సంబంధం ఉంది సారూ" అందట.

నిన్న లాండ్రీలో కరెంటు పోయి తొందరగా వదిలారు. ఆమె బ్రేకులు గట్టిగా పట్టుకుని, దాదాపు నడిపించుకుంటున్నట్టుగా వాలు దిగింది. ఆయమ్మ అప్పుడే పిల్లలతో రోడ్డు మీదికి వచ్చింది. వెనకనుంచి ఒక మోటారుసైకిలు రొద. ఎంత దూరంలో ఉందో ఆమెకు వినికిడిలోనే తెలిసిపోయింది. "ఆయమ్మా!" అని అరిచింది. ఆయమ్మ తిరగలేదు. "ఆయమ్మా, బండి!" పిల్లలు తిరిగి చూశారు, ఆవిడ తిరగలేదు. ఆ కుర్రాడు ఆఖరి క్షణంలో చూసి గోడవైపు కోసుకుపోయాడు. ఎర్రగుడ్డ ఆ గాలికి ఎగిరి ఆవిడ మొహం మీద పడింది.

"ఎన్నిసార్లు పిలవాలి నిన్ను?" ఆమె ఏడుస్తూ ఆవిడ భుజాలు పట్టుకుని ఊపేసింది.

"కుడిపక్కనుంచి పిలిచావా? ఆ చెవి ఎప్పుడో పోయిందే తల్లీ" అంది ఆయమ్మ, పిల్లల్ని ఒక్కొక్కర్నే తడిమి చూసుకుంటూ. "ఎవరికీ చెప్పకు. చెప్తే ఈ కర్ర కూడా లాక్కుంటారు."

గేటు నుంచి అవతలికి దాటేటప్పుడు, పైనుంచి వచ్చే బండ్లన్నీ ఆవిడకు కుడిపక్కనే.

ఇవాళ సాయంత్రం కూడా ఆమె రోలర్ల ముందే ఉంది. కిటికీలోంచి ట్యాంకు కనపడుతుంది కానీ బడి కనపడదు. కింద ఏ బ్రేకు కీచుమన్నా దుప్పటి అంచు చేతిలోంచి జారిపోతోంది.

ఇది చదివిన మీలో ఎవరికైనా ఆ పక్కకు వెళ్లే పని పడితే, గుర్తుపట్టడం కష్టం కాదు. గుట్ట మీద వాటర్ ట్యాంకు, కింద నున్నటి వాలు, మలుపులో ఒకామె నవ్వుతున్న బోర్డు. ఆ బొమ్మకేసి చూడకండి. బండి నెమ్మది చేసుకుని గేటు వైపు చూడండి. బడి వదిలే వేళైతే అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని ఒక పెద్దావిడ ఉండాలి. ఉంటే ఎడమపక్కకు వెళ్లి ఒక్క మాట పలకరించండి. లేకపోతే దయచేసి అలా వెళ్లిపోకండి. లోపలికి వెళ్లి, ఆయమ్మ ఏదని అడగండి.